అలగనూరు కట్ట మీద

పిట్టలను చూడాలంటే కోస్తాకే పోవాలని లోకం నమ్మకం. పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు, కొల్లేట్లో కొంగలు. సీమలో ఏముంది, రాళ్ళూ కంపచెట్లూ తప్ప! ఈ మాట వింటే కర్నూలులో ఒక రిటైరైన జువాలజీ లెక్చరరు గారికి ఒళ్ళు మండేది. ఆ మంటతోనే ఆయన ఒక పిట్టల సంఘం పెట్టారు.

కొన్నేళ్ళ కిందట ఉగాది వెళ్ళిన ఆదివారం, ఇంకా చీకటుండగానే ఆ సంఘం ఒక వ్యానులో నందికొట్కూరు దారి పట్టింది. బ్యాంకు మేనేజరు, పిల్లల డాక్టరమ్మ, ఇద్దరు టీచర్లు, ఈబర్డ్ యాప్‌లో కాకిని కూడా వదలకుండా నమోదుచేసే ఇంజనీరింగ్ కుర్రాడు, ఇంకా కొందరు. మేనేజరు గారి కెమెరా లెన్సుకు కిటికీ పక్కన ప్రత్యేకంగా ఒక సీటు.

లెక్చరరు గారు దారి పొడవునా చెబుతూనే ఉన్నారు. కడప జిల్లా కలివికోడి కథ ఆయనకు ప్రాణం. 1848లో శాస్త్రానికెక్కిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఇక అంతరించిపోయిందనే రాసేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు ఒక రాత్రి దాన్ని బతికుండగా పట్టుకున్నాడు. బొంబాయి నుంచి సలీం అలీ హడావుడిగా వచ్చేలోపే ఆ పిట్ట ప్రాణం పోయింది. అయినా ఆ ఒక్క పిట్ట పుణ్యమా అని లంకమల అడవి అభయారణ్యమైంది.

"ఎనభై ఆరేళ్ళు పండితులు వెతికినదాన్ని పల్లెటూరి మనిషి పట్టుకొచ్చాడు. అందుకే పల్లెలవాళ్ళ మాట చెవిన పెట్టాలంటాను" అన్నారాయన. అందరూ తలలూపారు. వినడానికి ఇంపైన మాట మరి.

రోళ్ళపాడు చేరేసరికి తెల్లవారింది. 1988లో బట్టమేక పిట్ట కోసం కేటాయించిన గడ్డిబీడు అది, ఆరువందల పధ్నాలుగు హెక్టార్లు. నిలబడితే మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా తూగే పక్షి. దీన్నే జాతీయపక్షిని చేయమని సలీం అలీ అడిగారు, 1963లో ఆ గౌరవం నెమలికి పోయింది. ఏడాదికి ఒకే గుడ్డు, అదీ వట్టి నేలమీద. గొర్రె తొక్కినా, కుక్క ముట్టినా ఆ ఏడు అంతే. చుట్టూ కొర్ర, జొన్న పోయి కాలువ నీటి పైర్లు వచ్చాక దానికి తిండీ తావూ రెండూ కరువయ్యాయి. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించేది బోర్డు మీది బొమ్మలోనే. మేనేజరు గారు దాన్నే ఒక ఫోటో తీసుకున్నారు.

పిట్ట పోయింది గానీ జింకలు పెరిగాయి. నల్లటి మగ జింక ఒకటి మెలితిరిగిన కొమ్ములతో గడ్డిలోంచి గాల్లోకి లేస్తే డాక్టరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. రాత్రయితే అవే జింకలు శనగ చేలల్లో పడతాయని డ్రైవరు గొణిగాడు గానీ, అప్పుడందరి కళ్ళూ దుర్భిణుల్లో ఉన్నాయి.

బాట పక్కన సిమెంటు నీటితొట్టి ఒకటి కనిపించింది. లెక్చరరు గారు వ్యాను ఆపించారు.

"ఇది మన సంఘం చలవే. పోయిన ఎండల్లో జింకలు నాలుకలు వేలాడేసుకుని తిరుగుతుంటే చూడలేక ఇంగ్లీషులో అర్జీ రాశాను, ఫోటోలు జతచేసి. మీరంతా సంతకాలు పెట్టారు కదా! వారం తిరక్కుండా ట్యాంకరు వచ్చింది. నోరులేని జీవాలు, వాటి తరఫున ఎవరో ఒకరు రాయాలి."

ఈసారి నిజంగానే చప్పట్లు పడ్డాయి.

ఎండ ఎక్కకముందే అలగనూరు జలాశయం కట్ట ఎక్కారు. కె.సి. కాలువకు ఆసరాగా కట్టిన చెరువది. నీళ్ళు బాగా లోపలికి పోయి, అంచున బురద తేలింది. లెక్చరరు గారి ముఖం వెలిగిపోయింది. నీళ్ళు తగ్గితేనే బురద, బురదుంటేనే పురుగులు, పురుగులుంటేనే పిట్టలు! చెప్పినట్టే ఉల్లంకులు బురదంతా పరుగులు తీస్తున్నాయి. తలమీద రెండు నల్లచారలున్న బాతులు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. నేడో రేపో హిమాలయాల మీదుగా టిబెట్ వైపు ఎగిరిపోయే బాపతు. దూరంగా గులాబీ గీత గీసినట్టు రాజహంసలు. కుర్రాడి వేళ్ళు ఫోను మీద ఆగడం లేదు.

తర్వాత ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. తెచ్చుకున్న నీళ్ళ క్యాను వంచి అందరూ చేతులు కడుక్కున్నారు. గొర్రెల్ని తోలుకొచ్చిన ముసలాయన ఒకడు కట్ట మీద కర్రకు ఆనుకుని ఆ నీళ్ళు రాళ్ళ సందుల్లోకి ఇంకిపోవడం చూస్తున్నాడు.

"రా తాతా, నువ్వూ చూడు" అని లెక్చరరు గారు దుర్భిణి ఆయన కళ్ళకు పెట్టి, రాజహంసల వైపు తిప్పారు.

"పెద్ద కొంగలే సార్. ప్రతి ఏడూ వస్తాయి" అని, ముసలాయన మెల్లగా దుర్భిణిని రోడ్డు వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు కదల్లేదు.

"అటేం కనిపిస్తోంది తాతా? పిట్టలు ఇటుంటే!"

"ట్యాంకరు సార్."

"ట్యాంకరెందుకు? ఎదురుగా ఇంత చెరువుంటే?" అన్నాడు కుర్రాడు.

"ఇది కాలవకు బొయ్యే నీళ్ళు నాయనా. గొర్రెలు తాగుతాయి. మాకు తాగేదానికి ట్యాంకరే."

"పోనీలే, వచ్చేసింది కదా మీ నీళ్ళ ట్యాంకరు" అంది డాక్టరమ్మ.

"మాది గాదులేమ్మా. గడ్డిబీట్లోకి తిరుక్కున్నాది. జింకల తొట్లకు." ముసలాయన దుర్భిణిని తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో లెక్చరరు గారికి అందించాడు. "మా ఆడోళ్ళు నిన్నటి నుంచి బిందెలు వరసబెట్టుకోని కూచున్నారు. మేం గూడా అర్జీ ఇచ్చినాం సార్, పోయిన ఎండాకాలమే, వేలిముద్రలేసి. అప్పుడే ఎవురో సదువుకున్నోళ్ళు జింకలకు రాసిచ్చినారంట. వాళ్ళ కాయితం ముందు పోయినట్టుండాది."