క్రైస్తవ పెండ్లిపత్రిక: టీకా తాత్పర్య సహితము

అవతారిక: గుంటూరులో అచ్చయినా, మెదక్‌లో అచ్చయినా తెలుగు క్రైస్తవుల పెండ్లిపత్రిక పాఠం దాదాపు ఒకటే. కర్త పెండ్లికూతురి తండ్రి. లేఖకుడు ప్రెస్సులో డీటీపీ కుర్రాడు. పరిష్కర్త మేనమామ, తన పేరు పైవరుసకు ఎక్కేదాకా ఆయన ప్రూఫు వదలడు.

మూలం: ప్రభువైన యేసుక్రీస్తు నామమున శుభములు. దేవుని మహాకృపను బట్టి మా జ్యేష్ఠ కుమార్తె చి.ల.సౌ. వధువును చి. వరునికిచ్చి పరిశుద్ధ వివాహము చేయుటకు పెద్దలు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబముగా ఉదయం 10-30 గంటలకు చర్చికి విచ్చేసి, తదుపరి ప్రేమవిందునందు పాల్గొని, దంపతులను ఆశీర్వదింప ప్రార్థన.

పాఠాంతరం: ‘చి.ల.సౌ.’ అన్నచోట ‘చి.సౌ.’ అనీ, ‘కుమారి’ అనీ కొన్ని ప్రతుల్లో ఉంది. ‘ల’కారంలో లక్ష్మి ఉందని పాస్టరుగారి ఆక్షేపణ. పక్కింటి పిల్లకున్న అక్షరం మన పిల్లకెందుకు తగ్గాలని నాయనమ్మ వాదం. కార్డు డబ్బులిచ్చేది నాయనమ్మ పెన్షనైతే ఆమె పాఠమే గ్రాహ్యం.

ప్రతిపదార్థం: దేవుని మహాకృపను బట్టి = చూసిన సంబంధాలన్నీ తప్పిపోయి, మేనత్త అలక తీరిన మీదట; పెద్దలు = ఇరువైపులా ఇంకా మాటలున్నవారు; నిశ్చయించినారు = వరుసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివించి, ఆక్షేపించేవారెవరూ లేవలేదని ఊపిరి పీల్చుకున్నారు; సకుటుంబముగా = ఇద్దరు వస్తే చాలు; ప్రేమవిందు = బిర్యానీ.

వచన విచారం: కార్డు నెత్తిన ఒక బైబిలు వచనం తప్పదు. మత్తయి 19:6 వేస్తే ఎవరికీ పేచీ లేదు. రూతు 1:16 వేస్తే మాత్రం జాగ్రత్త. అది వధువు వరుడికిచ్చిన మాట కాదు, విధవరాలైన కోడలు అత్తగారికిచ్చిన మాట. ఆ సంగతి ఎరిగిన వియ్యపురాలు కార్డును దాచుకుంటుంది. యోహాను 2వ అధ్యాయం, కానా పెండ్లి, వేయదలచినవారు వంటవాడితో ముందే మాట్లాడుకోవాలి. ఆ పెండ్లిలో ద్రాక్షారసం మధ్యలోనే అయిపోయింది.

కాల నిర్ణయం: ముహూర్తం రాయరు కనుక కాలనియమం లేదనుకోరాదు. ఈస్టరుకు ముందరి శ్రమదినాల్లో పెండ్లిళ్లు సాధారణంగా చేయరు. ఆషాఢం పట్టింపు లేదు. ఆ నెలలో ఫంక్షన్ హాలు ఖాళీగా దొరకడమూ కృపలో భాగమే.

శంక: 10-30 అని అచ్చేసి, పెండ్లికూతురు పదకొండుంబావుకు దిగితే పత్రిక అబద్ధమాడినట్టు కాదా?

సమాధానం: కాదు. 10-30 అతిథులు బెంచీల మీద కూర్చునే వేళ. ఆమె వచ్చేదాకా క్వయిరు కీర్తనలు పాడుతుంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కూడా సాధారణంగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు పెండ్లి కానిమ్మంది. పార్లరులో ఎంతసేపు పట్టినా ఆ గడువు దాటదు.

తాత్పర్యం: పత్రికలో మొదటి పంక్తి దేవుడిది. నడుమ భాగమంతా బంధువులది: రిటైర్డ్ హెడ్మాస్టరు పెదనాన్న, దుబాయి బాబాయి, చివర ‘మా అత్త పెళ్లికి తప్పక రండి’ అంటూ ఇంకా మాటలు రాని పసివాళ్లు. పిలుపు అందినవాడికి కావలసిన సంగతులు అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో. ఒకే ఊళ్లో లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. చర్చిలు మూడూ ఉండగా ఉత్త ‘చర్చి’ అంటే అతిథి మరెవరి పెండ్లిలోనో కూర్చుని కవరు చదివించి వస్తాడు.

కనుక పత్రిక వేయించే తండ్రులారా, బంధువుల పేర్లు ఎన్నయినా వేయండి, కాదనం. చర్చి పూర్తి పేరు, వీధి, ప్రేమవిందు ఎక్కడో ఎన్ని గంటలకో మాత్రం వచనమంత పెద్దక్షరాల్లో వేయించండి. వచనం చాలామందికి కంఠతా వచ్చు. ఫంక్షన్ హాలు దారే తెలియదు.