కుర్చీకి చక్రాలు, హాజరుకు మేకులు

వంద మందికి అరవై కుర్చీలు. ఈ లెక్క ఒకటో తరగతి పిల్లాడు చెబితే తప్పు. కన్సల్టెంటు స్లైడు మీద చూపిస్తే డిజైను.

దానికి షేరింగ్ రేషియో అని పేరు. మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా హైబ్రిడ్ పేరు చెప్పి ముస్తాబైన అంతస్తులు చాలావరకు ఈ నిష్పత్తి మీదే నిలబడ్డాయి. వారానికి పనిదినాలు ఐదు, ఉద్యోగి వచ్చేది మూడు, కనుక అరవై చాలు. బ్రహ్మాండం. చిక్కల్లా ఒక్కటే: ఆ మూడు రోజులూ అందరికీ అవే. సోమవారం ఊరి నుంచి వచ్చిన బడలిక తీరదు, శుక్రవారం మళ్ళీ ఊరెళ్ళే బండెక్కాలి. మిగిలింది మంగళ, బుధ, గురువారాలు. ఆపైన "టీమంతా ఒకే రోజు వస్తేనే కొలాబరేషన్" అని మేనేజరుగారి మెయిలు. దాంతో బుధవారం కాలుపెట్టే సందుండదు, శుక్రవారం ఏసీ ఒక్కటే నిష్ఠగా పనిచేస్తూ ఉంటుంది.

సీటు కావాలంటే యాప్‌లో బుక్ చేసుకోవాలి. ఈ విద్య మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టిన వంశాలు మనవి. ఇప్పుడు కర్చీఫ్ బదులు వాటర్ బాటిలు, లాప్‌టాప్ బ్యాగు, ఎప్పుడో రిజైన్ చేసి వెళ్ళిపోయినవాడి స్వెట్టరు. బస్సులో అయితే కండక్టరుతో దెబ్బలాడొచ్చు, "చిన్నపిల్ల ఉందండీ" అని బతిమాలుకోవచ్చు. యాప్‌తో ఏం మాట్లాడతాం? అరగంటలో చెక్-ఇన్ చేయలేదని సీటు రద్దు చేసేస్తుంది. బయోడైవర్సిటీ జంక్షన్‌లో వాననీళ్ళ మధ్య క్యాబ్ ఆగిపోయిందని దానికెలా తెలుస్తుంది? 2023 జులై వానలకు సైబరాబాద్ పోలీసులే కల్పించుకుని, ఐటీ కంపెనీలు మూడు విడతలుగా లాగౌట్ చేయాలని వేళలు ప్రకటించారు. ఊరేమో విడతలవారీగా కదలండి బాబూ అంటుంది. ఆఫీసేమో అందరూ బుధవారమే తగలడండి అంటుంది.

సరే, వచ్చాం. ఎక్కడ కూర్చుందాం? కూర్చోవడానికి తప్ప అన్నిటికీ చోటుంది. ఫోకస్ జోన్ అని ఒక అద్దాల పెట్టె. అందులో మనిషి, లాప్‌టాప్ పట్టాక గాలికి చోటుండదు. మెట్ల మీద నాలుగు దిండ్లు వేసి టౌన్‌హాల్ అన్నారు. కొలాబరేషన్ జోన్‌లో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి, దాని మీద బీన్ బ్యాగులు. నలభై దాటిన డెలివరీ మేనేజరు బీన్ బ్యాగులో కూర్చోవడం తేలికే, లేవాలంటే మాత్రం ఇద్దరు ఫ్రెషర్లు చెరో చెయ్యీ పట్టుకోవాలి. ఆ రోజుకి జరిగిన కొలాబరేషన్ అదే. మీటింగు గదులకు స్థానిక సంస్కృతి మీద గౌరవంతో నదుల పేర్లు పెట్టారు. "కృష్ణా నాలుగింటిదాకా ఖాళీ లేదు, గోదావరిని హెచ్ఆర్ వాళ్ళు వదలడం లేదు, మూసీ ఖాళీగానే ఉంది గానీ అందులో ఎవరూ కూర్చోరు." నీళ్ళ తగాదాలు తీరని రెండు రాష్ట్రాల వాళ్ళకు ఈ సంభాషణ కొత్తేం కాదు.

ఇంతా చేసి పక్కసీట్లో ఎవరు? ఏ ప్రాజెక్టువాడో. మన టీములో ఇద్దరు పుణెలో, ముగ్గురు డాలస్‌లో. అందుకని రెండు గంటలు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఇంట్లో మాట్లాడే టీమ్స్ కాలే ఇక్కడా మాట్లాడతాం. ఇంట్లో వెనకాల కుక్కర్ కూత, ఇక్కడ పక్కవాడి స్టాండప్. గోడలు తీసేస్తే మనుషులు మాటల్లో పడతారన్న నమ్మకం మీద హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లోనే నీళ్ళు చల్లారు. వాళ్ళు గమనించిన కంపెనీలు ఓపెన్ ఆఫీసుకు మారాక ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి, మెయిళ్ళు పెరిగాయి. నలుగురి కళ్ళూ మీదున్నప్పుడు మనిషి ముందు చేసేది చెవులు మూసుకోవడమే.

ఇదంతా కోవిడ్ నేర్పిన జ్ఞానమంటారు కొందరు. కాదు. లాస్ ఏంజెలెస్‌లో షయట్/డే అనే ప్రకటనల సంస్థ ఉండేది. 1994 ప్రాంతంలో దాని అధిపతి జే షయట్‌కు ఎవరికీ సొంత డెస్కు ఉండరాదని తోచింది. పొద్దున్నే కౌంటరు దగ్గర ఫోనూ లాప్‌టాపూ తీసుకోవాలి, సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి, సొంత సామాను లాకర్లో పెట్టుకోవాలి. సృజన పొంగి పొర్లుతుందని ఆయన ఆశ. పొంగింది మాత్రం క్యూ. లాప్‌టాపులు చాల్లేదు, ముందొచ్చినవాళ్ళు దాచేసుకున్నారు. కాగితాలు పెట్టుకునే దిక్కులేక కొందరు కారు డిక్కీలనే బీరువాలు చేసుకున్నారు. ఒకావిడైతే పిల్లలు ఆడుకునే బొమ్మబండిలో ఫైళ్ళు వేసుకుని అంతస్తంతా లాక్కుంటూ తిరిగింది. నాలుగైదేళ్ళకు సంస్థ కొత్త భవనంలోకి మారి, ఎవరి చోటు వాళ్ళకిచ్చింది. వాళ్ళు అటకెక్కించినదాన్నే మనవాళ్ళు దించి, దుమ్ము దులిపి, 'ఫ్యూచర్ ఆఫ్ వర్క్' అని రిబ్బన్ కత్తిరిస్తున్నారు.

ఈమాటు అదనపు హంగు సెన్సరు. 2016 జనవరిలో ఒక ఉదయం లండన్ డైలీ టెలిగ్రాఫ్ విలేకరులు ఆఫీసుకొచ్చేసరికి డెస్కుల కింద చిన్న డబ్బాలు కనిపించాయి. మనిషి సీట్లో ఉన్నాడా లేదా అని కనిపెట్టే యంత్రాలవి. పొదుపు కోసమేనని యాజమాన్యం వారి వివరణ. గోల చేశారు, ఆ సాయంత్రానికే పీకేశారు. విలేకరులు గనక వార్తయింది. మనకైతే అదే డబ్బాను స్మార్ట్ వర్క్‌ప్లేస్ అని పరిచయం చేస్తారు, మనం చప్పట్లు కొడతాం.

అసలు సంగతి కుర్చీలది కాదు, అద్దెది. తీసేసిన ఆ నలభై సీట్లు ఆవిరైపోలేదు. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్లలోకి చేరాయి. అక్కడ టేబులు మనది, నడుంనొప్పి తట్టుకోలేక కొన్న కుర్చీ మనది, ఫైబర్ బిల్లు మనది, కరెంటు బిల్లు మనది, వీడియో కాల్‌లో కనబడకుండా వంటింట్లోకి తప్పుకునే అత్తగారు మనవారే. కంపెనీ తన ఆఫీసులో నలభై శాతాన్ని మన పడకగదుల్లో నడుపుతూ ఒక్క రూపాయి అద్దె కట్టడం లేదు. పైగా దానికి 'మీకిచ్చిన వెసులుబాటు' అని పేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టణాల్లో, మండలాల్లో కోవర్కింగ్ చోట్లు వస్తే ప్రోత్సాహకాలిస్తానంటోంది. మంచిదే. భీమవరంలో కూర్చున్నా స్వైప్ గచ్చిబౌలిలోనే పడాలనే కంపెనీని ఏ పాలసీ ఒప్పిస్తుందో చూడాలి.

ఎందుకంటే ఈ కథలో చక్రాలు సామానుకే, హాజరుకు మేకులు. 2025 నాటికి పాతిక శాతం మందే ఆఫీసులో ఉంటే చాలునని 2020లో టీసీఎస్ ప్రకటించింది. 2023లోనే ఐదు రోజులూ రమ్మంది, ఆ మరుసటి ఏడాది వేరియబుల్ పేను హాజరుకు ముడిపెట్టింది. ఇంటి నుంచి పనిచేసే లోకానికి ఆధారమైన జూమ్ సైతం 2023 ఆగస్టులో, 50 మైళ్ళ లోపు వాళ్ళంతా వారానికి రెండు రోజులు ఆఫీసుకు రావాలంది. అమెజాన్‌ది ఇంకా రసవత్తరం. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో 15 వేల మంది పట్టే భవనం తెరిచింది. ఏడు నెలలకు లాక్‌డౌన్. 2025 జనవరి నుంచి అయిదు రోజులూ రావాల్సిందేనని ఆదేశమిస్తే, అమెరికాలో కొన్ని ఊళ్ళలో కూర్చోబెట్టడానికి చోటు చాలక గడువు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. రమ్మన్న విభాగం, కుర్చీలు పీకించిన విభాగం ఒకే కంపెనీలో ఉన్నా ఒకే వాట్సాప్ గ్రూపులో లేవన్నమాట. ఆ రెంటికీ ముందు కొలాబరేషన్ జోన్ కట్టాల్సింది.

ఉద్యోగులూ తక్కువ తినలేదు. లోపలికొచ్చి, స్వైప్ చేసి, కాఫీ తాగి, నలుగురికీ మొహం చూపించి వెళ్ళిపోతున్నారు. దీనికీ కాఫీ బ్యాడ్జింగ్ అని ముద్దుపేరుంది. దాంతో కంపెనీలు బయటికెళ్ళే స్వైప్ కూడా లెక్కపెడుతున్నాయి. ఈ దాగుడుమూతల్లో హైబ్రిడ్ ఊసే లేనివాళ్ళు ఇద్దరు: గేటు దగ్గర సెక్యూరిటీ తాత, ఎవరెవరో కూర్చుని లేచిన ఆ అరవై డెస్కుల్నీ రోజూ తుడిచే హౌస్‌కీపింగ్ అక్క. వాళ్ళ పని ఇంటికి పట్టుకెళ్ళేది కాదు గనక వాళ్ళ కోసం ఎవరూ జోన్ గీయలేదు.

అంతస్తంతా పగలగొట్టి కట్టినా మూలనున్న పెద్దసారు గది మాత్రం చెక్కు చెదరలేదు. అది రహస్య చర్చలకట. బేస్‌మెంట్‌లోకి దిగితే ఇంకో వింత. పై అంతస్తులో పన్నెండేళ్ళ సర్వీసున్నవాడికి పేరు రాసుకునే చోటు లేదు గానీ, కింద వైస్ ప్రెసిడెంటుగారి కారుకు పేరుపలక, పసుపు గీతలు, 'రిజర్వ్‌డ్' అని బోర్డు. ఆ కారైనా వారానికి రెండు రోజులే వస్తుంది. డిజైనర్లు ఒకసారి టేపు పట్టుకుని కిందికి దిగాలి. కారు నిలిపే ఒక్కో గడిలో నాలుగడుగుల డెస్కులు నాలుగు నిక్షేపంగా పడతాయి. బుకింగ్ యాప్‌లో బేస్‌మెంట్ వన్ కూడా కలపండి. కారు అరగంటలో చెక్-ఇన్ చేయకపోతే రద్దు.