అరిగిన క్రాంకు ఆత్మకథ

నా పుట్టుకను గూర్చి చెప్పవలసినది స్వల్పము. రైలింజనుల నిర్మాణమునకై 1945లో జంషెడ్‌పూరున స్థాపింపబడిన టెల్కో కర్మాగారము, 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒడంబడిక చేసికొని లారీలకు పూనుకొన్న పిమ్మట, మూతిపై మూడు కొనల నక్షత్రము ధరించి వెలువడిన వాహనములలో నొకదాని డీజిలు ఇంజనున నేను క్రాంకుషాఫ్టునై యుంటిని. కాగిన యుక్కును అచ్చున సాగగొట్టిరి, తరిమెన పట్టిరి, సానబట్టిరి. పురిటినొప్పులు బిడ్డకు జ్ఞప్తియుండునా? పిస్టనులకు పైకిని క్రిందికిని ఆడుటయే తెలియును. ఆ యాటను భ్రమణముగా మార్చి చక్రముల కందించినది నేను. పొగడ్త మాత్రము డ్రైవరుకు దక్కెడిది.

నా యజమాని, శ్రీకాకుళము ప్రాంతమునుండి టాటావారి యుక్కు కర్మాగారమున పనికై జంషెడ్‌పూరు వచ్చి అచ్చటి కాసిడీహ్‌లో స్థిరపడిన యొక కార్మికుని కుమారుడు. లారీ కొన్ననాడు బిష్టుపూరు రామమందిరమున కొబ్బరికాయ కొట్టించిన భక్తుడే. ఇంజను ఆయిలు మార్పించుటకు మాత్రము ఆయనకు ముహూర్తము కుదిరెడిది కాదు. నాకును, మిస్త్రీలు మెటల్ అని పిలుచు బేరింగులకును నడుమ పలుచని నూనెపొర యున్నంతకాలమే మాకు సఖ్యము. ఆ నూనె మసియై, ఇసుకతో గూడి, ఆకురాయివలె నన్ను రాయజొచ్చెను.

పేలుడు దెబ్బ ప్రతిసారియు, పిస్టను కడ్డీ పట్టియుండు నా పిన్నుకు ఒక పక్కనే తగులును గావున అది అరిగినకొలది గుండ్రదనము కోల్పోవును. కాసిడీహ్‌లోని వృద్ధ మిస్త్రీ మైక్రోమీటరుతో నిలువున నొకసారి, అడ్డమున నొకసారి కొలిచి, 0.25 మిల్లీమీటరు కోయించి, అందుకు సరిపడు మెటల్ బిగించినంతట నేను మరల యౌవనవతినైతిని. మాబోటివారికి సాధారణముగా అట్టి మెట్లు నాలుగు, 1 మిల్లీమీటరు వరకు. అంతకు మించినచో మెటలే దొరకదు.

రెండవసారి కోతకు యజమాని కొన్ని రూపాయలు మిగులునని ఇంకొకచోటికి గొంపోయెను. పిన్ను భుజముతో గలియుచోట నునుపైన వంపొకటి యుండవలెను. అచ్చటి సానవాడు చక్రపుటంచును దిద్దుకొనక ఆ వంపును కోసివైచి పదునైన మూల చేసెను. తిరుగునప్పుడు నన్ను వంచి మెలిపెట్టు బలమంతయు అట్టి మూలలయందే కూడును. నన్ను చంపినది అరుగుదల కాదు, ఆ పొదుపు.

చాయిబాసా దారిలో, మోయదగినంతకు మించిన బరువుతో నెక్కుచుండగా, ఆయిలు ప్రెషరు పడిపోయి ఇంజను కొట్టుకొనెను. మరల పాత మిస్త్రీయే దిక్కయ్యెను. ఆయన నన్ను త్రాటికి వ్రేలాడగట్టి సుత్తితో తట్టెను. ఖంగుమనవలసిన నేను బొంగురుపోయితిని. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి తట్టినంతట, మూడవ పిన్ను మూలనుండి నూనె ఊరి, తెల్లనిపొడిపై నల్లని గీత సాగెను.

"మావా, ఇంకో రెండు సైజులున్నాయి గదా, కోయించేత్తే నడవదేటి?" అని యజమాని.

"నడుస్తాది బాబూ. ఏ అడవిలో ఆగుతాదో మాత్రం నన్నడగొద్దు. పగులుకి సైజులుండవు."

కొత్తదానికి సొమ్ము సమకూడువఱకు లారీ నిలిచెను; నేను షెడ్డువెనుక వానకాలమంతయు పడియుంటిని. వ్రేలిగోరు జాఱునంత నునుపైన నా పిన్నులు త్రుప్పుతో గరుకెక్కెను. పనికుఱ్ఱలు నాపై చెప్పుల బురద గీఁచుకొనిరి. దుర్గాపూజ పందిరికి తాళ్ళు కట్టువారు రెండు దినములు నన్ను బరువుగా వాడుకొనిరి; ఆ రెండు దినములును నాకు పండుగయే, ఏలయన ఎవరో నాకొక పని యప్పగించిరి.

గ్రీజు కాగితమున చుట్టబడి కొత్త క్రాంకు వచ్చెను. నాకసూయ కలుగలేదనను, కాని అదే యజమానికి అది చిక్కినదిగదా యని జాలియు కలిగెను. ఇంతలో ఆయన, ఇంకను రెండు సైజులున్నవని నమ్మబలికి, నన్నొక అమాయకుడైన లారీవానికి అంటగట్ట బేరమాడుట చెవినిబడి, మిస్త్రీ మారుమాటాడక గ్యాసు వెలిగించి, పగిలిన పిన్నుకడ నన్ను రెండుగా కోసివైచెను. యజమాని లబలబలాడెను.

"ఎందుకు బాబూ బాధ? తుక్కువోడు తూకానికే కదా కొంటాడు," అని మిస్త్రీ కళ్ళద్దములు తీసి తుడుచుకొనెను.