ఫ్రీజర్ పక్కన ఇన్సులిన్

మా రోజుల్లో తిరుత్తణిలో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు ఇంటికొకటి ఉంది. అందులో నిన్నటి సాంబారు, మొన్నటి ఇడ్లీ పిండి, వాటి వెనకాల ఫ్రీజర్‌కి ఆనించిన ఇన్సులిన్ సీసా. "జాగ్రత్తగానే పెట్టాం కదా తాతా" అంటారు. ఏం జాగ్రత్త నైనా! గడ్డకట్టించి చంపేశారు.

మెడికల్ షాపు గల్లా వెనకాలే జుట్టు నెరిసినవాణ్ణి నేను. అప్పట్లో ఇన్సులిన్ అంటే ఆవు, పంది క్లోమాల నుంచి తీసిందే. మద్రాసు నుంచి తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా రైల్లో తెచ్చేవాళ్ళం. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, అది సీసాకి తగలకుండా పాత పంచె గుడ్డ చుట్టేవాళ్ళం. తెలివంతా ఆ గుడ్డలోనే ఉంది. ఇప్పుడు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తుంది. మిట్టమధ్యాహ్నం బండి వెనక పెట్టెలో ఎంతసేపు ఉడికిందో ఎవరూ అడగరు. కత్తెర ఎండల్లో మా ఊరు 40 డిగ్రీలు దాటుతుందని వార్తల్లో రోజూ వింటూనే ఉంటారు కదా!

మాత్ర కొంత ఎండకు ఓర్చుకుంటుంది. ఇన్సులిన్ ప్రోటీన్. సన్నని గొలుసులు మడతలు పడి ఒక ఆకారంలో నిలిస్తేనే అది మందు. వేడి తగిలినా, గట్టిగా కుదిపినా, గడ్డకట్టినా మడతలు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. విరిగిన పాలను మళ్ళీ పాలు చేయగలరా? ఇదీ అంతే. పైగా నీళ్ళలా తేటగా ఉండే రకం చెడినా ఒక్కోసారి చూపుకి ఏమీ తేడా కనిపించదు. షుగరు దిగకపోతే డాక్టరుని తిడతారు.

1982లో మనిషి ఇన్సులిన్‌ను బాక్టీరియాతో తయారుచేసి అమ్మకానికి తెచ్చారు. గొప్ప సంగతే, కాదనను. కానీ ఎలా చేసినా దాని నియమం మారలేదు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచాక చాలా రకాలు మామూలు గది చల్లదనంలో నాలుగు వారాలు నిలుస్తాయి.

ఫ్రిజ్ లేని ఇళ్ళకి మేం కుండ చెప్పేవాళ్ళం. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో మూత బిగించిన డబ్బాలో సీసా. పడమటి పొడిగాలి వీచే తిరుత్తణిలో అది బ్రహ్మాండంగా పనిచేసేది. సముద్రపు గాలి తగిలే తిరువళ్ళూరులో అంత చల్లబడదు, గాలిలో తేమ ఉంటే నీరు ఆవిరి కాదు గదా. కుండ అనగానే మనవళ్ళు నవ్వుతారు. 2021లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు సరిహద్దులు లేని వైద్యుల సంస్థ (ఎమ్మెస్సెఫ్) డాక్టర్లతో కలిసి, కెన్యా శరణార్థి శిబిరంలో ఉండే వేడినే లెక్కగా తీసుకుని, ఇన్సులిన్‌ను నాలుగు వారాలు 25-37 డిగ్రీల మధ్య ఉంచి చూశారు. శక్తి తగ్గలేదన్నారు. మా కుండ చేసేదీ వేడిని హద్దు దాటనివ్వకపోవడమే. నవ్వండి ఇంకా!

పాముకాటు మందుది ఇంకో తెలివి. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళ తెగవాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల విషం తీస్తోంది. ఆ విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను మందు చేస్తారు. అదీ ప్రోటీనే. నీళ్ళలోనే ఉంచితే ఫ్రిజ్ తప్పదు. గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టి పొడి చేస్తే, నీరు లేక ప్రోటీన్లు కదలవు, అతుక్కోవు, చల్లని చీకటి చోట ఏళ్ళు నిలుస్తుంది. గడ్డకట్టించడం ఇక్కడ మందుని కాపాడేది కదా అని అడుగుతారేమో. అది కొలత ప్రకారం, తోడుగా తగిన పదార్థాలు కలిపి చేసే పని. మీ ఇంటి ఫ్రీజరు చేసేది అది కాదు. ఆ పొడిలో నీళ్ళు పోశాక కూడా సీసాని మెల్లగా తిప్పాలి, కుదిపితే నురగ కడుతుంది.

హెపటైటిస్-బి టీకా కూడా గడ్డకడితే పనికిరాదు. టీకా సీసా మీద రంగు మారే గుర్తు వేడిని పట్టిస్తుంది గానీ గడ్డకట్టడాన్ని పట్టించదు. అందుకే ఐసు పెట్టె మోసేవాళ్ళు ఐసు ప్యాకుల్ని బయట ఉంచి, లోపల నీరు కదిలే దాకా ఆగాలి. ఆగే ఓపిక ఇప్పుడెవరికుంది?

ఇవాళే మీ ఫ్రిజ్ తెరిచి చూడండి. ఇన్సులిన్‌ను ఫ్రీజర్‌కి దూరంగా, మధ్య అరలో పెట్టండి. ఒకసారి గడ్డకట్టిందని తెలిస్తే, కరిగినా సరే, డబ్బు పోయిందని చూడకుండా పారేయండి.