నరానికెక్కే నిమ్మకాయ

సి విటమిన్‌ను సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే వైద్యంలో రోగం సంగతి ఎలా ఉన్నా, జేబు తేలికపడటం మాత్రం ఖాయం. భారత వైద్య పరిశోధన మండలి లెక్కన పెద్దవయసు పురుషుడికి రోజుకు 80 మిల్లీగ్రాముల సి విటమిన్ చాలు. ఒక జామకాయతో తీరే అవసరమిది. క్యాన్సర్ రోగులకు పెట్టే డ్రిప్పులో 25 గ్రాములు మామూలు. 75 గ్రాముల దాకా పోయినవారూ ఉన్నారు. పాతిక గ్రాములంటేనే పది నెలల గ్రాసం, అదీ ఒక్క పూటలో. శరీరంలో దీన్ని నిల్వ చేసుకునే గిడ్డంగి లేదు. మూత్రపిండాలు కొన్ని గంటల్లోనే చాలా భాగాన్ని బయటికి నెట్టేస్తాయి. వేల రూపాయల సరుకు మురుగుకాలువ పాలు.

సి విటమిన్ క్యాన్సర్‌ను అదుపు చేస్తుందన్న నమ్మకానికి మూలపురుషుడు లైనస్ పౌలింగ్. 1954లో రసాయన శాస్త్రానికి, 1962 సంవత్సరానికి గాను శాంతికి నోబెల్ అందుకున్న మహానుభావుడు. ఆయన మాట కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? స్కాట్లండ్ సర్జన్ ఎవాన్ కామెరాన్‌తో కలిసి 1976లో ఆయనో లెక్క చూపించారు. సి విటమిన్ పుచ్చుకున్న 100 మంది చివరిదశ క్యాన్సర్ రోగులు, పుచ్చుకోని 1,000 మంది కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికారట. ఆ వెయ్యిమందినీ పాత కేసు కాగితాల్లోంచి ఏరారు. అమెరికాలోని మేయో క్లినిక్ చీటీ వేసినట్టు రోగులను రెండు జట్లుగా విడదీసి పరీక్షించింది. 1979లోనూ 1985లోనూ ఫలితం ఒకటే: గుణం శూన్యం.

అప్పుడు భక్తులకు కొత్త సంగతి తట్టింది: నోటితో మింగించారు గనుక పని చేయలేదు, నరానికి ఎక్కించాల్సింది! ఇందులో సగం నిజముంది. పేగులు ఒక హద్దు దాటి విటమిన్‌ను పీల్చుకోవు. నరానికి ఎక్కిస్తే రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. రక్తంలో మోతాదు పెరగడం వేరు, రోగం తగ్గడం వేరు. క్లోమ క్యాన్సర్‌పై 2024లో వెలువడిన ఒక ప్రయోగం ఆశ పుట్టించింది గానీ, అందులో పాల్గొన్నది 34 మంది. క్లినిక్ బయట బోర్డు రాయించడానికి అది చాలు, వైద్యానికి చాలదు. క్యాన్సర్‌కే కాదు, ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే సెప్సిస్ రోగులకూ ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం 2022లో బయటికొచ్చింది. నెల తిరిగేసరికి చనిపోయినవారు, అవయవాలు కోలుకోనివారు కలిపి విటమిన్ ఇచ్చిన జట్టులో 44.5 శాతం, ఇవ్వని జట్టులో 38.5 శాతం.

జ్వరమొస్తే "ఒక సెలైన్ ఎక్కించండి డాక్టరు గారూ" అని అడిగే తెలుగునాట ఈ సరుకుకు గిరాకీ వెతుక్కోనక్కర్లేదు. హైదరాబాదులో పెళ్లికూతుళ్ల మెరుపు కోసం గ్లూటాథియోన్ అనే మందుతో కలిపి కూడా ఎక్కిస్తున్నారు. మెరుపు ముచ్చట డబ్బుతో పోతుంది. క్యాన్సర్ ఇంట్లో వారానికి రెండు మూడు డ్రిప్పులు, వాటితోపాటు సూది, సెట్టు, మంచం, నర్సు, రక్తపరీక్షల ఖర్చు. బీమా కంపెనీలు సాధారణంగా ఇవ్వవు. పొలమో పుస్తెలతాడో ఇవ్వాలి.

డబ్బుతోనే పోదు కూడా. విటమిన్ ఆక్సలేట్‌గా మారి మూత్రపిండాల్లో పేరుకోవచ్చు. జి6పిడి అనే ఎంజైము లోపమున్నవారికి ఎర్రకణాలు పగిలిపోవచ్చు. కొన్ని గ్లూకోమీటర్లు లేని చక్కెరను చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ఈ ఇంజెక్షన్‌కు అనుమతి ఇచ్చిన మాట నిజమే. ఆ అనుమతి ఒకే ఒక్క జబ్బుకు: నోటితో విటమిన్ తీసుకోలేని స్కర్వీ రోగులకు, అదీ కొద్దిరోజులకే.