రెప్పపాటు గురుత్వము

వైద్యకళాశాలలో మంచి గురువన నెట్టివాడు? శాస్త్రజ్ఞానము కలవాడనియు, ఓర్పు కలవాడనియు, రోగి మంచముకడ నిలిచి శిష్యునిచేత నాడి పట్టించువాడనియు పూర్వులు పలువిధముల చెప్పి కాలము వ్యర్థపుచ్చిరి. జాతీయ వైద్య కమిషన్ వారు 2025 మే 1 నుండి ఆ చిక్కు విడదీసిరి. ఆచార్యుడు కళాశాల ఆవరణలో నిలిచి, ఫోను మొగమున కెదురుగా పట్టి, ఆధార్ యాప్ తన్ను పోల్చుకొనువరకు ఓపిక పట్టినచో చాలును. పోల్చినది గనుక వచ్చినట్లు, వచ్చెను గనుక బోధించినట్లు, బోధించెను గనుక శిష్యులకు విద్య యబ్బినట్లు! ఇంతటి లంఘనము హనుమంతుడైనను చేసియుండడు.

మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు ఔటర్ రింగు రోడ్డు చుట్టుప్రక్కల ప్రొద్దుట తిరుగువారి కీ గురుపూజ కన్నులపండువు. ఒకానొక కళాశాల ద్వారముకడ తలనెరసిన వైద్యుడొకడు కళ్ళజోడు తీసి, మరల పెట్టి, సూర్యునివైపు తిరిగి, వీపు త్రిప్పి, రెప్పలార్పుచు నిలిచియుండ, గేటు కాపలావాడు జాలిపడి, "సార్, జర నీడకు రాండ్రి, మొఖం పడ్తలేదు" అనెను. ఆచార్యుని బోధనాపటిమకు ఆనాటి పరీక్షాధికారి యాతడే. మొగము పడిన పిమ్మట లోపలికేగి తొంబది స్లైడులు పైకి చదివినను, వెనుక బెంచీవారు చెవిలో ఇయర్‌ఫోన్ దాచుకొని పీజీ ఎంట్రన్సు వీడియోలు చూచుకొనినను అడుగువారు లేరు. హాజరు వారికిని కావలెను గదా!

మొగము పట్టించుకొనకయే బోధించిన గురువులును పూర్వముండిరి. 1846లో వెలసిన హైదరాబాదు మెడికల్ స్కూలున, ఆ శతాబ్ది చివర, ఎడ్వర్డ్ లారీ యను దొర ప్రధానాచార్యుడుగా నుండెను. క్లోరోఫారమిచ్చునప్పుడు ఊపిరిని కనిపెట్టుడని ఎడింబరోలో తన గురువు సైమ్ చెప్పిన మాటను ఆయన శస్త్రచికిత్స బల్లకడనే శిష్యులకు నేర్పెను. క్లోరోఫారము గుండెను నేరుగ తాకదను ఆయన పట్టుదల తరువాత తప్పని తేలినది. గురువులకు మొండితనము తగులుట క్రొత్త గాదు. అయినను ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలని నేడు పేరొందినది, ఆ బల్లకడ నేర్చినదే. పాపము, లారీకి ఏ యాప్ హాజరు వేయలేదు.

ఇక కళాశాలలకు కమిషన్ వారి తనిఖీ నాటి వైభవము. ఉండని ఆచార్యులను, లేని రోగులను చూపి అనుమతులు పొందిరని 2025లో సి.బి.ఐ. పలు కళాశాలలపై పెట్టిన కేసులో ఆరోపణలున్నవి. దీని నందరును నిందించుచున్నారు గాని, నాకందొక బోధనావకాశము తోచుచున్నది. కూలికి వచ్చి మంచములపై పరుండిన పల్లెజనుల రొమ్ములపై స్టెతస్కోపు పెట్టినచో, రోగమేమియు లేని ఊపిరి యెట్లు పలుకునో విద్యార్థులకు కావలసినంత వినబడును. వినుడని చెప్పుటకు ఆచార్యుడొకడు మాత్రము నిజముగ నుండవలెను.