ఏమీ చేయలేదన్న దిగులుకు ఉప్పుమళ్ల చికిత్స

పెట్టిన శ్రమకూ, ఖర్చు చేసిన కాలానికీ ఎంత ఫలితం చేతికి వచ్చిందో చెప్పే నిష్పత్తిని అర్థశాస్త్రం ఉత్పాదకత అంటుంది. ఈ మాట మొదట కర్మాగారానికీ పొలానికీ చెందినదే అయినా, క్రమంగా గడప దాటి ఇంట్లోకి చొరబడటంతో, ఆదివారం మధ్యాహ్నం భోంచేసి మంచం మీద ఒరిగిన గృహస్థు సైతం ఏదో నేరం చేసినట్టు పక్క మీద దొర్లే పరిస్థితి వచ్చింది. రోజంతా గడిచినా ఏమీ సాధించలేదనే ఈ బాధను సౌలభ్యం కోసం ఇక్కడ ‘వృథాభావం’ అనీ, దాన్నుంచి బయటపడదలచిన వ్యక్తిని ‘సాధకుడు’ అనీ వ్యవహరించవచ్చు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఈ చికిత్సకు అన్ని విధాలా అనువైన స్థలం. పేరుపొందిన అక్కడి ఉప్పు పంట కదలకుండా నిలబడ్డ నీళ్లలోంచి వస్తుంది.

నౌపడ బయలుదేరే ముందు రోగాన్ని బాగా ముదరనివ్వడం అవసరం. అందుకు ఒక నోటుపుస్తకం కొని, ఒక్క రోజులో ఏడుకు మించి పూర్తి కావని తెలిసిన మనిషి ప్రతి రాత్రీ మరునాటికి ఇరవై పనులు రాసుకోవాలి. సాయంత్రానికి జాబితాలో లేని పని ఏదైనా పొరపాటున పూర్తయితే, దాన్ని అప్పటికప్పుడు జాబితాలో చేర్చి పక్కన టిక్కు పెట్టుకోవచ్చు; లెక్కల తనిఖీలో దీనికి మరో పేరుంది గానీ, వ్యక్తిత్వ వికాసంలో దీన్ని ఆత్మవిశ్వాసం అంటారు. పఠనాంశంగా ఫ్రెడరిక్ టేలర్ ఉపయోగపడతాడు. కూలీల కదలికలను స్టాప్‌వాచీతో కొలిపించిన ఈ అమెరికా ఇంజనీరు, రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలు మోసే మనిషి చేత 47 టన్నులు మోయించవచ్చని 1911లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు; స్టాప్‌వాచీ పట్టుకున్న మనిషి ఎన్ని టన్నులు మోశాడన్నది శాస్త్రీయ విషయం కాదు గనుక దాన్ని వదిలేయవచ్చు.

ఈ సరంజామాతో సాధకుడు సంక్రాంతి దాటాక నౌపడ చేరుకోవాలి, ఎందుకంటే తొలకరి లోపు ఎండే ఇక్కడి పెట్టుబడి. ఉప్పు తయారీ క్రమం స్థూలంగా ఇది: సముద్రపు నీటిని ముందు పెద్ద మడిలోకి రానిచ్చి, మట్టి తేరాక ఒక మడి తరవాత మరో మడికి మళ్లిస్తూ, ఎండకూ గాలికీ చిక్కబడనిస్తారు. ఆ చిక్కదనాన్ని నీటిలో నిలువుగా తేలే గాజు గొట్టంతో, ఫ్రెంచి రసాయనవేత్త బోమే పేర చెలామణి అయ్యే డిగ్రీలలో కొలుస్తారు. సముద్రం నుంచి వచ్చినప్పుడు సుమారు మూడున్నర డిగ్రీలుండే నీరు ఇరవై అయిదు దగ్గరకు వచ్చేసరికి, అంటే పది బిందెల నీరు బిందెడుగా మిగిలేసరికి, ఉప్పు కట్టడం మొదలవుతుంది. ముప్పై దాకా ఆగితే మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉప్పు చేదెక్కుతుంది గనుక, ఆ లోపే మిగిలిన చేదునీటిని బయటికి వదిలేయాలి. మూడున్నరకూ ఇరవై అయిదుకూ నడుమ మడిలో కంటికి కనిపించే ప్రగతి దాదాపు శూన్యం. సాధకుడు గట్టు మీద నిలబడి ఆ నీటిని గంటగంటకూ నివేదిక అడగాలి.

ఇక్కడే టమాటా పద్ధతిని ప్రయోగించి చూడటం మంచిది. 1980ల చివర్లో ఇటలీ విద్యార్థి ఫ్రాంచెస్కో చిరిల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారాన్ని తిప్పి పెట్టుకుని, ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే నియమాన్ని ఏర్పరచుకున్నాడు; ఇటలీ భాషలో టమాటాను పొమొడోరో అంటారు గనుక ప్రపంచమంతటా ఆ పేరే స్థిరపడింది. ఉప్పుమడికి ఈ నియమం వర్తింపజేస్తే, నీరు పనిచేసిన ఇరవై అయిదు నిమిషాలకూ, విశ్రాంతి తీసుకున్న అయిదు నిమిషాలకూ తేడా పసిగట్టడం ఎంతటి మేనేజరుకైనా సాధ్యం కాదు. ఓపిక పట్టలేక, ఉప్పును ఒడ్డుకు లాగే చెక్కపలకను ముందే వేసి లాగిన సాధకుడికి ఉప్పుకు బదులు బురద వస్తుంది. దాన్ని మధ్యంతర ఫలితంగా నమోదు చేసుకోవచ్చు.

కొలతలో ఇంకా పట్టుదల చూపే సాధకుడు 1930 నాటి ఉప్పు సత్యాగ్రహానికి ఉత్పాదకత లెక్క కట్టి చూడాలి. పెద్దమనిషి ఒకరు డెబ్భై ఎనిమిది మందిని వెంటబెట్టుకుని, సుమారు 385 కిలోమీటర్లు, ఇరవై నాలుగు రోజులు నడిచి, ఏప్రిల్ 6న దండి ఒడ్డున ఎత్తినది ఉప్పు కలిసిన గుప్పెడు బురద. మనిషికి, రోజుకు, గ్రాములలో భాగించి చూస్తే ఈ నడకను మొదటి వారంలోనే ఆపించి ఉండాల్సిందని ఏ సలహా సంస్థ అయినా తేల్చగలదు. ఉప్పు పన్ను 1947 దాకా రద్దు కాలేదు గనుక, త్రైమాసిక సమీక్షలలో ఆ ప్రయత్నం అరవైసార్లకు పైగా విఫలమైనట్టు లెక్క.

మడి దగ్గర విసుగు పుడితే స్టేషనుకు వెళ్లవచ్చు. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న నౌపడ జంక్షను నుంచి పర్లాకిమిడికి, అక్కడి రాజావారు 1900లో చిన్న పట్టాల రైలు వేయించారు. 1931 నాటికి గుణుపూర్ చేరిన ఆ మార్గాన్ని పెద్ద పట్టాలకు మార్చడానికి 2004లో ఆపితే, గుణుపూరుకు బండి మళ్లీ 2011లో వెళ్లింది. ఇటువంటి చోట బల్ల మీద కూర్చున్న మనిషిని ‘ఏటి సేస్తన్నావు బావూ?’ అని ఎవరైనా పలకరిస్తే, బండి కోసం చూస్తున్నానన్న జవాబు సంపూర్ణమైన వృత్తి వివరంగా చెల్లుతుంది. అదే మనిషి ఇంటి అరుగు మీద అంతసేపు కూర్చుంటే సోమరి అవుతాడు గనుక, వృథాభావం తీవ్రంగా ఉన్నవారు వారానికి ఒకసారైనా ప్లాట్‌ఫారం టికెట్టు కొనడం శ్రేయస్కరం.

పరపతి మీద మోజున్న సాధకుడికి పక్కనే ఉన్న తేలినీలాపురం పనికివస్తుంది. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో అక్కడి చెట్ల మీదికి చేరి, నౌపడ తంపర నేలల్లో చేపలు పట్టి, పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోయే గూడబాతులనూ, ఎర్రకాళ్ల కొంగలనూ జనం సైబీరియా పక్షులని పిలుస్తారు. పక్షిశాస్త్రం ప్రకారం ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. అయినా ఎంత దూరం నుంచి వస్తే అంత గౌరవమన్న సూత్రం పక్షులకూ వర్తించినందుకు సంతోషించి, సాధకుడు తన బయోడేటాను మరోసారి చూసుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పిన చికిత్సలో ఒక లోపముంది. గట్టు మీద నిలబడిన సాధకుడికి నీరే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, అంతకుముందే ఆ మడి అడుగును పాదాలతో తొక్కి తొక్కి, నీరు ఇంకకుండా సిమెంటు గచ్చులా గట్టిపరచినవారు వేరే ఉన్నారు. కట్టిన ఉప్పును పొడవాటి కర్రకు బిగించిన చెక్కపలకతో ఒడ్డుకు లాగి, తట్టలకెత్తి, కుప్ప పోసేదీ వారే. అరికాళ్లు పగిలి, ఆ పగుళ్లలో ఉప్పునీరు మండుతుండగా నడిచే ఆ మనుషులను వృథాభావం బాధించినట్టు కనబడదు. అకాలపు వాన ఒక్కటి పడితే కట్టిన ఉప్పు మడిలోనే కరిగి డిగ్రీలు మొదటికి వస్తాయి, ఆ రోజు కూలి కూడా దానితోనే పోతుంది. వాన పడినా నెల జీతం బ్యాంకులో పడేవారికే ఈ రోగం సోకుతున్నదన్న అనుమానం సాధకుడికి కలిగితే, దాన్ని నోటుపుస్తకంలో రాసుకోకపోవడమే మేలు; చికిత్సకు అది అడ్డు వస్తుంది.

తిరుగు బండి ఎక్కే ముందు అయిదు కిలోల కల్లుప్పు కొనుక్కుని, ‘సాధించినవి’ అనే శీర్షిక కింద తేదీ వేసి రాసుకుని టిక్కు పెట్టాలి. ఇంటికి చేరాక దాన్ని డబ్బాలో పోసి గట్టిగా మూత బిగించినా, చేదునీటి తడి ఏ కాస్త మిగిలి ఉన్నా అది గాలిలోని చెమ్మను లాగుతుంది గనుక, ఆషాఢం నాటికి డబ్బా అడుగున నీరు దిగుతుంది. అంతమాత్రాన టిక్కు కొట్టేయనక్కర్లేదు. ఆ నీటిని పళ్లెంలో పోసి డాబా మీద ఎండబెట్టడమనే పనిని మరునాటి జాబితాలో ఇరవై ఒకటోదిగా చేర్చుకుంటే చాలు.